సారు చెలకలో మంద

బడిబాట ఊరేగింపు నాగరాణి ఇంటి ముందు ఆగకుండా పోయింది.

అంతకు ముందు ప్రతి గడప దగ్గరా ఆగింది. ముందు డప్పు, దాని వెనక బ్యానరు పట్టుకున్న పిల్లలు, వాళ్ల వెనక నెత్తిన తువ్వాల వేసుకున్న హెడ్మాస్టరు ఉపేందర్, గొడుగు కింద లక్ష్మీకాంతమ్మ టీచరు. బడి తెరిచిన వారం అది. బడికి రావలసిన పిల్లలున్న ఇంటి ముందు నిలబడి, పేరు పెట్టి పిలిచి, నొసట బొట్టు పెట్టి వెంట తీసుకుపోతున్నారు. నాగరాణి గడప దగ్గరికి వచ్చేసరికి డప్పు దెబ్బ గట్టిపడింది, కాళ్లు తొందరపడ్డాయి.

నాగరాణి అరుగు మీద కూర్చుని బిడ్డకు జడ వేస్తోంది. ప్రశాంతికి ఎనిమిదేళ్లు. పుట్టినప్పుడే సూర్యాపేట దవాఖానలో డాక్టరు చెప్పాడు, ఈ పిల్లకు అన్నీ ఆలస్యంగా వస్తాయని. నడక నాలుగో ఏట వచ్చింది. మాటలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చొంగ కారుతుంది, తుడిస్తే నవ్వుతుంది. పక్కన ఎవరు కూర్చున్నా వాళ్ల చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుంటుంది. గొర్రెపిల్లల మధ్య పెరిగిన పిల్ల, చెవి పట్టుకుంటేనే స్థిమితం. పట్టుకుంటే మాత్రం వదలదు.

"సారూ! ఇల్లు మరిసిపోయిన్రా?" అంది నాగరాణి.

ఉపేందర్ వెనక్కి తిరగలేదు.

"ఓ సారూ, మిమ్మల్నే!"

డప్పు కొట్టేవాడు ఊరివాడే. అతను ఆగిపోయాడు. డప్పు ఆగితే అందరూ ఆగారు.

"ఏందమ్మా?" అన్నాడు ఉపేందర్.

"నా బిడ్డకు బొట్టు పెట్టలె."

"నీ బిడ్డ పేరు బడిల ఉన్నది గదా. కొత్తోళ్ల కోసం తిరుగుతున్నం."

"పేరు బడిల ఉన్నది, పిల్ల వరండల ఉన్నది. గిదేం లెక్క సారు?"

ఎదురింటి వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. లక్ష్మీకాంతమ్మ గొడుగు పక్కకు వంచింది. ఆమెది కోదాడ. రోజూ బస్సులో వచ్చిపోతుంది.

"ఏమ్మా నాగరాణీ, రోడ్డు మీద ఈ గొడవెందుకు? పోయినేడు నీ పిల్ల వీరేశం కొడుకు చెవి పట్టుకుని వదల్లేదు. గోరు దిగి రక్తం వచ్చింది. వాళ్లమ్మ వచ్చి నన్ను తిట్టిన తిట్లు నువ్వు వినలేదు."

"ఎందుకినలే? వాడంత విన్నది. తెల్లారి నేను పోయి ఆమెకు మొక్కిన. నీకు గూడ మొక్కిన. గోర్లు కత్తిరించి పంపుతున్న. ఇగ మొక్కుడు అయిపోయింది టీచర్."

జడకు రిబ్బను ముడి వేసి, బిడ్డను చేయి పట్టి తెచ్చి వరుస చివర నిలబెట్టింది. ప్రశాంతి బ్యానరు కొసను పట్టుకుంది. "బడికి పోదాం" అని పిల్లలు అరిస్తే వాళ్లు ఆపిన తర్వాత తానొక్కతే అరిచింది. వాడంతా నవ్వింది. నాగరాణి నవ్వలేదు.

ఉపేందర్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మంచిమాట చెప్తున్న విను. పిల్లను ఇంటికాడ ఉంచుకో. వారానికోసారి వేరే టీచరమ్మ ఇంటికే వచ్చి చెప్తది. సర్కారే పెట్టింది ఆ ఏర్పాటు. నువ్వు, నీ మొగుడు మాకిష్టమే అంటె చాలు."

"పోయినేడు గూడ ఇదే చెప్పినవ్. ఆ టీచరమ్మ ఎన్నిసార్లొచ్చింది?"

"వస్తది."

"తొవ్వ మీద కూసొని సూసింది నేను సారు. రాలె."

అప్పటిదాకా మీరు అని మాట్లాడుతున్న మనిషి నువ్వులోకి దిగిందని ఉపేందర్ గమనించాడు. పెదాలు బిగించి డప్పు వాడికి చెయ్యి ఊపాడు.

*

బడి హైవేకు కాస్త లోపలగా ఉంటుంది. మూడో తరగతి గది బయట, వరండాలో నీళ్ల డ్రమ్ము పక్కన గోనెపట్టా పరిచి ప్రశాంతిని అక్కడ కూర్చోబెడుతున్నారు. పోయిన దసరా ముందు నుంచీ అదే చోటు. జల్లు కొడితే తడుస్తుంది. పగటి భోజనం పళ్లెం ముందు పెడితే కుక్క వస్తుంది. లోపల పిల్లలు ఎక్కం చెబుతుంటే ప్రశాంతి గోడకు వీపు ఆనించి, వాళ్లు ఊగినట్టే ఊగుతుంది. ఎవరూ వినకపోయినా నోరు కదుపుతుంది. నాగరాణి కూలికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి గేటు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ఆమె అడిగేది ఒక్కటే, పిల్లను లోపల కూర్చోబెట్టమని. అందరితో పాటు, తలుపుకు ఇవతల కాక అవతల.

బడిలో వినకపోతే మునగాల పోయింది. మండల విద్యాధికారి ఆమెను కూర్చోమన్నాడు. ఏ పిల్లనైనా బయట కూర్చోబెట్టే హక్కు ఏ బడికీ లేదు, దానికి చట్టమే ఉంది అన్నాడు. ఆమె ఎదుటే ఉపేందర్‌కు ఫోను చేశాడు. వింటున్నంత సేపూ ఆ మాటలు తియ్యగా ఉన్నాయి. తెల్లవారి బిడ్డను తీసుకుని బడి గేటు దగ్గరికి పోయేసరికి ఉపేందర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"నా మీద రిపోర్టు ఇచ్చినవా?"

"నా బిడ్డ సంగతి చెప్పిన."

"నాకు ఇరవై ఏండ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు. గొర్లు కాసుకునే ఇంటి నుంచి నా మీద ఆఫీసరుకు ఫిర్యాదు. సరే. ఆఫీసరు మునగాలల ఉంటడు. బడి ఈడ ఉన్నది. సోమవారం కమిటీ పిలుస్త. తల్లిదండ్రులందరు వద్దంటె ఆ చట్టం ఏం చేస్తదో సూద్దాం."

ఆ రోజు నుంచి వాడలో ఆమెతో మాట్లాడేవాళ్లు తగ్గారు. బోరింగు దగ్గర బిందె పెడితే పక్క బిందె జరిగేది. వీరేశం భార్య ఒకరోజు ఎదురుగానే అంది.

"నీ పోరి చెవులు పిండుతుంటె మా పోరగాండ్లకు సదువెట్లస్తది?"

"నీ కొడుకు చెవి పట్టుకున్నది పోయినేడు. అంతకు ముందు ఏం సదివిండో చెప్పు జర, నేను గూడ ఇంటా."

"నీ నోరే నీ బిడ్డకు తగిలింది."

నాగరాణి బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని అదే మాట మళ్లీ మళ్లీ తలుచుకుంది.

పర్వతాలు ఇదంతా చూస్తున్నాడు. ఆమె భర్త. మాట తక్కువ మనిషి. గొర్రెలతో అదిలింపులు తప్ప రోజంతా ఇంకో మాట లేకుండా గడపగలడు. ఎండాకాలమంతా మందతో త్రిపురారం దిక్కు, కాలువ కింద వరికొయ్యల్లో ఉన్నాడు. తొలకరికి ముందు ఊరికి మళ్లాడు.

ఆ సాయంత్రం బువ్వ తింటూ అడిగాడు.

"ఉపేందర్ సారుకు హైవే పక్కన చెలక ఉన్నది గదా?"

"ఉంటే?"

"ఏం లే."

ఇంకో మాట అడిగి ఉంటే ఆమె చెప్పేది. అతను అడగలేదు. ఆమెకు ఆ సమయంలో సారు చెలక మీద ధ్యాస లేదు.

*

తొలకరికి ముందు మందకు గిరాకీ ఉంటుంది. దుక్కి దున్నే ముందు చెలకలో మంద పెట్టించుకుంటే, గొర్రెలు అక్కడ పండుకుని లేచిన చోటు బస్తాల ఎరువు కన్నా బలంగా ఉంటుంది. రైతులు ముందే వచ్చి అడిగి పోతారు. గింజలో పైసలో ఇస్తారు, కాపరికి బువ్వ పెడతారు. అది వ్యవహారం.

అడగకుండా, ఏమీ తీసుకోకుండా మంద పెట్టడం వేరు. అది అందరికీ చేసేది కాదు. పర్వతాలు తండ్రి బతుకులో ఒక్కసారే చేశాడు. పాము కరిచిన తన పెద్దకొడుకును బండి కట్టి కోదాడ దాకా తీసుకుపోయిన రైతుకు. అట్లా పెట్టిన తర్వాత ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుమ పట్టింపు ఉండకూడదు. పొద్దున రైతు వచ్చి తన భూమి చూసుకుంటాడు. కాపరి కర్ర భుజాన వేసుకుని పోతాడు. ఇద్దరూ ఆ సంగతి నోటితో ఎత్తరు. ఎత్తితే దాని విలువ పోతుంది.

సారుకు కోపం వచ్చింది, నాగరాణి ఆయన్ను దాటి ఆఫీసరు దగ్గరికి పోయింది కాబట్టి. మనిషి అన్నాక కోపం వస్తుంది. కోపం పోవడానికి దారి ఉంది. ఆ దారి నాగరాణికి తెలియదు, ఆమెది మందలేని పుట్టిల్లు. పర్వతాలు ఇట్లా అనుకున్నాడు. శనివారం పొద్దుగూకేముందు మందను హైవే పక్క చెలకలోకి మలిపాడు.

చెలకలో అక్కడక్కడా తెల్లసున్నం వేసిన రాళ్లు పాతి ఉన్నాయి. ముగ్గుపిండితో గీతలు గీసి ఉన్నాయి. అతనికి అవి కొత్త కాదు. రోడ్డు నాలుగు వరుసలు చేసినప్పుడు రోడ్డోళ్లు కనబడిన చోటల్లా ఇట్లాంటి రాళ్లు పాతారు, గీతలు గీశారు. పని అయిపోయి పోతూ పీకి తీసుకుపోలేదు. నాగలికి అడ్డం వస్తున్నాయని రైతులే పీకి గట్ల మీద వేసుకున్నారు. మంద చుట్టూ వల కట్టుకోవడానికి అతనికీ అడ్డం వచ్చాయి. ఒక్కొక్కటే కదిలించి పీకి, గుంతలు కాలితో పూడ్చి, రాళ్లన్నీ ఒక మూలకు చేర్చి కుప్ప పేర్చాడు. సారు దున్నించుకునేటప్పుడు పని తేలికవుతుందని.

తెల్లవారి మందను లేపి వెనక్కి చూసుకున్నాడు. నేలంతా సమానంగా నల్లబడి ఉంది. ఒక్క మూల కూడా ఖాళీ లేదు. అంత మంచిగా మంద పరుచుకోవడం అతను ఈ మధ్య చూడలేదు. సారు ఎట్లాగూ చూస్తాడు అనుకుని, తృప్తిగా గుట్ట దిక్కు పోయాడు.

*

ఆదివారం పొద్దెక్కాక సూర్యాపేట నుంచి చెలక దగ్గరికి కార్లు వచ్చాయి. అందులో ఉపేందర్ బామ్మర్ది, ప్లాట్లు కొనడానికి వచ్చిన మనుషులు, పట్టుచీరల ఆడవాళ్లు. ఒకామె చెప్పులు విడిచి మొక్కుదామని చెలకలో కాలు పెట్టి వెంటనే తీసేసింది. ఏ ప్లాటు ఎక్కడ మొదలయ్యేదో ఎక్కడ ఆగేదో చెప్పడానికి రాయి లేదు, గీత లేదు. అందరూ ముక్కులు మూసుకుని కార్లెక్కారు.

బామ్మర్ది గొల్లవాడలోకి వచ్చి బూతులు మొదలుపెట్టాడు.

"ఎవడ్రా మంద పెట్టింది? ఏ లంగగాడురా రాళ్లు పీకింది?"

పర్వతాలు అప్పుడే ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. చెంబు చేతిలోనే ఉండిపోయింది. ప్లాట్లు అన్న మాట విన్నాడు. తాను త్రిపురారం దిక్కు ఉన్నప్పుడు చెలక ప్లాట్లయిందని అప్పుడు తెలిసింది.

బామ్మర్ది పోయాక అతను లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాగరాణి అతని మొహం చూసి సంగతంతా ఒక్కసారే అర్థం చేసుకుంది.

"నువ్వేనా?"

"ఊఁ."

"రాళ్లు గూడ?"

"కుప్ప పెట్టిన. మంచిగ పేర్చిన."

ఆమెకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తల్లి నవ్వుతుంటే ప్రశాంతి కూడా చప్పట్లు కొట్టి నవ్వింది. పర్వతాలు ఒక్కడే నవ్వలేదు. అతను లేచి కర్ర అందుకున్నాడు.

"ఏడికి?"

"సారు ఇంటికి సూర్యాపేట పోత. తెల్వక పెట్టిన, మర్యాదకు పెట్టిన అని చెప్త. రాళ్లు మళ్ల నేనే పాతి ఇస్త."

నాగరాణి నవ్వు ఆగిపోయింది. వాకిలికి అడ్డం నిలబడింది.

"తెల్వక పెట్టిన అంటె ఆయన ఏమంటడో నేను చెప్త. మొగనికి రాయి తెల్వది, పెండ్లానికి మర్యాద తెల్వది, పిల్లకు ఏమి తెల్వది, ముగ్గురు ఇంటికాడ ఉండున్రి అంటడు. రేపు కమిటీల అదే మాట పదిమంది తోని అనిపిస్తడు."

"మరి పగతోని పెట్టిన అనాల్నా?"

"నేనట్ల చెప్తలేను."

"మంద పగతోని పెట్టరే. మా ఇంటా వంటా లేదు."

"నేనేమన్న అన్ననా? పోతె పో. పోయి కాళ్లు పట్టుకో. పోరిని రేపటి నుంచి నువ్వే గుట్టకు తోలుకపో, గొర్ల తోని."

ఆమె పక్కకు జరిగింది. దారి ఖాళీగా ఉంది. పర్వతాలు కర్ర పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కర్రను మూలకు పెట్టి గొంగడి పరుచుకున్నాడు.

*

కమిటీ బడి వరండాలోనే కూర్చుంది. చైర్మన్ నర్సయ్యకు కుర్చీ, సారుకు కుర్చీ, టీచరుకు కుర్చీ. మిగిలిన తల్లులు తండ్రులు కింద కూర్చున్నారు. నాగరాణి స్తంభం దగ్గర, పర్వతాలు అందరికన్నా వెనక. ప్రశాంతి డ్రమ్ము పక్కన తన గోనెపట్టా మీద ఉంది. అక్కడ కూర్చుంటే తిట్టరని దానికి తెలుసు.

ఉపేందర్ లేచి నిలబడ్డాడు. రాత్రి నిద్ర లేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పిల్ల సంగతి తర్వాత మాట్లాడుకుందం. ముందు ఇది తేలాలె. ఇరవై ఏండ్ల సంది మీ పిల్లలకు అక్షరం నేర్పుతున్న. నా భూమిల గొర్లు తోలుతరా? రాళ్లు పీకుతరా? మా వాండ్ల ముందల నా ఇజ్జత్ పోయింది."

"చెలక ఎవరి పేరు మీద ఉన్నది సారు?" అన్నాడు నర్సయ్య నెమ్మదిగా. అతను బీడీ వెలిగించబోయి, బడి అని గుర్తొచ్చి చెవి మీద పెట్టుకున్నాడు.

"మా బామ్మర్ది పేరు మీద."

"మరి బామ్మర్ది రాలె?"

"ఆయనెందుకొస్తడు? ఆయన తరఫున నేను మాట్లాడుతున్న."

"అంటె ప్లాట్లు ఆయనయి, ఇజ్జత్ నీది."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. నాగరాణి స్తంభం వదిలి ముందుకు వచ్చింది.

"నర్సయ్య మామా, నేనొకటి అడుగుత. బడి తెరిచిన రెండో దినం, పొద్దటి పూట, ప్లాట్లు కొలిసింది బామ్మర్దా, సారా? తాడు ఒక కొస సారు పట్టుకుండు. రెండో కొస పట్టుకున్నది ఎవరో అడుగున్రి. అయిదో తరగతి పోరగాండ్లు. నేను పక్క చేన్ల పత్తి కట్టె ఏరుతున్న, నా కండ్లతోని సూసిన."

"అబద్ధం," అన్నాడు ఉపేందర్.

"మా పెద్దోడు గూడ పట్టిండు," అంది వీరేశం భార్య. అన్నాక, తానెందుకు అన్నానా అన్నట్టు చుట్టూ చూసింది. "బిస్కట్ పాకీటు ఇచ్చిండట. ఎండకు వాని తల నొప్పి లేసింది ఆ దినం."

లక్ష్మీకాంతమ్మ కుర్చీలో కదిలింది. "సార్, ఇవన్నీ ఇప్పుడెందుకండీ? పిల్ల సంగతి తేల్చండి. నాకు బస్సు టైమవుతుంది."

ఉపేందర్ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. గొంతు మార్చాడు.

"సరే. అయిందేదో అయింది. నేను పోలీస్ స్టేషన్ దాక పోదల్సుకోలె. పర్వతాలు, ఇటు రా. నువ్వు మంచోనివని ఊరంత అంటది. నువ్వే చెప్పు. తెల్వక పెట్టినవా, తెలిసి పెట్టినవా? తెల్వక పెట్టినవంటె మనసుల పెట్టుకోను. తప్పయిందని ఈడ నలుగుట్ల ఒక్క మాట అను. పిల్లను ఇంటికాడ ఉంచుకుంట అను. ఖతం. నీకు నాకు ఏం లేదు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పర్వతాలు లేచి నిలబడ్డాడు. లేచేటప్పుడు అతని పెదాలు కదిలాయి. ఆ మాట ఏమిటో నాగరాణికి తెలుసు. ఆమె అతని వైపు చూడలేదు. కాలి బొటనవేలితో బండ మీది ఇసుకను గీస్తూ నిలబడింది.

పర్వతాలు డ్రమ్ము దిక్కు చూశాడు. ఇంతమంది ఉన్న చోటు ప్రశాంతికి నచ్చింది. ఎవరి చెవి అందుతుందా అని చూస్తోంది. దగ్గరలో ఎవరూ లేరు. చేయి చాపితే అందనంత దూరం ఉండేట్టు అందరూ జరిగి కూర్చున్నారు. పిల్ల తన చెవి తానే పట్టుకుంది.

"తెలిసే పెట్టిన," అన్నాడు పర్వతాలు.

"ఏందీ?"

"తెలిసే పెట్టిన సారు. రాళ్లు గూడ తెలిసే పీకిన."

నర్సయ్య కుర్చీలో ముందుకు వంగాడు.

"వానలు పడేదాక మంద ఊర్లనే ఉంటది," అని పర్వతాలు కూర్చున్నాడు.

ఉపేందర్ మొహంలో రంగు మారింది. "విన్నరా? విన్నరా? నలుగుట్ల ఒప్పుకుండు. నేను ఇప్పుడే మునగాల స్టేషన్‌కు పోత. కేసు పెడ్త."

"పోదువు సారు, నేను గూడ వస్త," అంది నాగరాణి. "నీ కేసు నువ్వు చెప్పు. బడి టైంల పిల్లలతోని తాడు పట్టించిన సంగతి నేను చెప్త. ఆన్నుంచి ఆఫీసరు దగ్గరికి గూడ ఇద్దరం ఒకటే ఆటోల పోదం. కిరాయి నేనిస్త."

నర్సయ్య చేయి ఎత్తాడు. "స్టేషన్ల ముందు అడిగేది ఆ ప్లాట్లకు పర్మిషన్ ఏదని సారు. నాకు తెలిసినదాన్ని బట్టి చెప్తున్న. నువ్వు సదువుకున్నోనివి, నీకు నాకంటె ఎక్కువ తెలుసు."

ఉపేందర్ నిలబడే ఉన్నాడు. కూర్చోవడం ఓడిపోవడం అనిపించిందేమో. వరండాలో ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరి మొహంలోనూ తనకు కావలసింది లేదు. నాగరాణి మీద కూడా ఎవరికీ ప్రేమ లేదు, అదీ కనబడుతూనే ఉంది. కాని పర్వతాలు లాంటి మనిషి అంత మాట అన్నాక, తర్వాత ఏం చేస్తాడోనని అందరి కళ్లలో ఒక బెరుకు వచ్చింది. ఆ బెరుకు సారుకూ తగిలింది.

"కూసోబెట్టున్రి టీచర్," అన్నాడు చివరికి. "లోపట ఏదో ఒక మూలకు కూసోబెట్టున్రి. ఏమన్న అయితే నాకు సంబంధం లేదు."

"మరి నాకుందాండీ సంబంధం?" అంది లక్ష్మీకాంతమ్మ.

అతను ఆఫీసు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మనుషులు లేచి దులుపుకున్నారు. నాగరాణితో ఎవరూ మాట్లాడలేదు. వీరేశం భార్య ఆమెను దాటిపోతూ, "మావోని పక్కన మాత్రం కూసోబెట్టొద్దని చెప్పు," అంది.

గేటు దగ్గర నర్సయ్య పర్వతాలు కోసం ఆగాడు. మరుసటి రోజు తన చెలకలో మంద పెట్టడానికి అంతకు ముందే మాట అయి ఉంది. చెవి మీది బీడీ తీసి వేళ్ల మధ్య తిప్పుతూ అన్నాడు.

"రేపు మా దిక్కు రాకు పర్వతాలు."

పర్వతాలు అతని మొహం చూశాడు.

"ఏమనుకోకు. పగ పెట్టిన మంద పైరును మాడగొడ్తదని మా ముసలామె పట్టింపు. ఇంట్ల ఒప్పుకోదు. ఈ ఏడుకు వద్దు."

పర్వతాలు తల ఊపాడు. నాగరాణి గబగబా రెండడుగులు ముందుకు వచ్చి, "మామా, అది గట్ల కాదు, ఈయన అసలు..." అని మొదలుపెట్టింది. పర్వతాలు ఆమె మోచేయి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. నర్సయ్య బీడీ వెలిగించుకుని పోయాడు.

దారిలో ఆమె, "నర్సయ్య మామకన్న చెప్పనియ్యకపోతివి," అంది.

"చెప్తె సారుకు చేరుతది."

ఆ సాయంత్రం ఇంకో ఇద్దరు రైతులు కూడా పిల్లలతో కబురు పంపారు, వద్దని. పర్వతాలు వల చుట్టి, బియ్యం, గొంగడి మూట కట్టుకున్నాడు. తిరుమలగిరి దిక్కు మెట్ట చేన్లకు పోతే అక్కడ తనను ఎరిగినవాళ్లు లేరు.

*

తెల్లవారి నాగరాణి కూలికి పోలేదు. బిడ్డను తానే గదిలోకి తీసుకుపోయి, కిటికీ పక్క గోడ దగ్గర కూర్చోబెట్టి బయటికి వచ్చింది. లక్ష్మీకాంతమ్మ చూసి కూడా చూడనట్టు బల్ల తుడుచుకుంది. పిల్లలు ప్రశాంతి చుట్టూ చాపంత చోటు వదిలి కూర్చున్నారు. ప్రశాంతి కిటికీ చువ్వను పట్టుకుని అందరినీ ఒక్కొక్కరినే చూసింది. గదిని లోపల నుంచి చూసి చాలా రోజులైంది.

"నువ్వెళ్లవమ్మా. ఇక్కడ నిలబడితే పిల్లల ధ్యాస ఉండదు," అంది టీచరు కిటికీ వైపు చూడకుండా.

"హాజరు పిలువు. పోత."

లక్ష్మీకాంతమ్మ పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరూ లేచి "ఉన్నాను టీచర్" అంటున్నారు. ప్రశాంతి పేరు దగ్గరికి వచ్చింది. పిలిచింది. ఆగింది. మళ్లీ పిలిచింది, ఈసారి నెమ్మదిగా, ప్రతి అక్షరం విడదీసి, జవాబు రాదని తెలిసిన గొంతుతో. ప్రశాంతి చువ్వ పట్టుకుని నవ్వుతూ కూర్చుంది. వెనక ఇద్దరు పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. టీచరు పెన్ను హాజరు వేయకుండానే తర్వాతి పేరు దగ్గరికి జరిగింది.

"ఎదురుంగనే ఉన్నది టీచర్," అంది నాగరాణి కిటికీ లోంచి. "తలెత్తి సూడు."

లక్ష్మీకాంతమ్మ తల ఎత్తింది. ముందు తల్లిని చూసింది. అక్కడ ఆగి, ఇష్టం లేని కళ్లను కిందికి దించి, గోడ దగ్గర కూర్చున్న పిల్లను చూసింది. పెన్ను వెనక్కి వచ్చింది. హాజరు వేసి, తర్వాతి పేరు పిలిచింది.